మైకులో చెప్పాల్సిన పేరు

"తన్నకు! ప్రణయ్, నీ కాల్మొక్త, క్యాను తన్నకు!"

వాజిద్ గొంతు చీరుకుపోయేలా అరిచాడు. ఇద్దరు మనుషులు అతని చేతులు వెనక్కి విరిచి పట్టుకున్నారు. బైకు పాలకేంద్రం మెట్ల దగ్గర పక్కకు పడి ఉంది. దాని వెనక తాళ్ళతో కట్టుకొచ్చే అల్యూమినియం క్యాను ఇప్పుడు ప్రణయ్ కాలి కింద ఉంది. మూత ఎప్పుడో ఊడిపోయింది. క్యాను మెడలోంచి తెల్లటి పొగ పొర్లుకుంటూ నేల మీదికి దిగుతోంది.

మృగశిర వచ్చి పోయినా చినుకు రాలని ఆ ఎండలో, చల్లటి పొగను చూసి జనం రెండడుగులు వెనక్కి వేశారు.

"సూసిన్రా? అంత పొగనే!" అన్నాడు ప్రణయ్. "మన ఆవులకు సూదుల పేరు మీద గీ పొగనే ఎక్కిస్తున్నడు."

అది ద్రవ నత్రజని. అందులో మునిగి, సన్నటి గొట్టాల్లో గడ్డకట్టి ఉన్నది మేలుజాతి ఎద్దుల వీర్యం. క్యాను ఒరిగితే ద్రవం నేలపాలవుతుంది, గొట్టాల్లో ఉన్నదంతా చచ్చిపోతుంది. ఊరూరా తిరిగి ఎదకు వచ్చిన ఆవులకు సూది వేసే వాజిద్‌కు కూడు పెట్టేది ఆ క్యానే.

"కాలు దియ్యిరా," అన్న మాట మెట్ల మీద నుంచి వినిపించింది.

సంపత్. ప్రణయ్‌కి అన్న, పాలకేంద్రానికి అధ్యక్షుడు. తెల్ల చొక్కా చెమటకు వీపుకు అంటుకుపోయింది. చేతిలో కేంద్రం మైకు ఉంది. ఆ మైకు తీగ మిద్దె మీది నాలుగు హారన్లకు పోతుంది. అందులో ఒక్క మాట అంటే కాలనీ అంతా వింటుంది, గాలి వాటంగా ఉంటే పక్క ఊళ్ళు కూడా వింటాయి.

ప్రణయ్ కాలు తీశాడు.

"వాజిద్ భాయ్," అన్నాడు సంపత్, "పొద్దుగాల నేను మైకుల చెప్పిన మాట ఇన్నవా?"

"ఇన్ననన్నా."

"మళ్ళ చెప్త. మా ఆవుల కడుపు కొట్టినోని పేరు సాయంత్రం పాల టైముకు గీ మైకుల చెప్త. చెప్పినంక గా మనిషి గీ కాలనీల అడుగు పెట్టద్దు. ఇప్పటికైతే నా నోట్లె ఉన్నది నీ పేరే."

ఇది ఒక్క కాలనీతో పోయే సంగతి కాదు. మైకులో పేరు పడ్డ సూది మనిషిని ఆ చుట్టుపక్కల ఏ ఊరూ పిలవదు.

ఈ కాలనీ భూపాలపల్లికి అవతల ఉంది. బొగ్గు గని కింద ఊరు పోయినవాళ్ళకు బోడి గుట్ట పక్కన చదును చేసి కట్టించారు. ఇంటికి ఒక రేకుల కొట్టం, కొట్టానికి ఒక సంకరజాతి ఆవు. ఆవులు చలికాలంలో లేగలతో వచ్చాయి. బకెట్లకు బకెట్లు పాలిచ్చాయి. భూమి పోయిన జనం మళ్ళీ నవ్వడం నేర్చుకున్నారు. శివరాత్రి దాటాక ఆవులు ఎదకు రావడం మొదలైంది, వాజిద్ సూదులు వెయ్యడం మొదలుపెట్టాడు. దాదాపు ఏదీ నిలవలేదు. నిలవని ఆవు మళ్ళీ ఎదకు వచ్చేది, మళ్ళీ సూది వేసేవాడు, మళ్ళీ తిరగబొర్లేది. కొన్నయితే ఎదకు రావడమే మానేశాయి. పాలు సగానికి సగం పడిపోయాయి.

"అన్నా, నేను గిదే పని పదేండ్ల సంది చేస్తున్న. నాకు మోసం చేసుడు రాదు," అన్నాడు వాజిద్.

"రాదా? గిది సూడుండ్రి." ప్రణయ్ ఫోను పైకెత్తి చూపించాడు.

వీడియోలో పెద్ద డెయిరీ. నల్లా తెలుపూ ఆవులు బారుగా నిలబడి ఉన్నాయి. మధ్యలో వాజిద్ ఇదే క్యాను మూత తీసి గొట్టం బయటికి లాగుతున్నాడు.

"స్టేషన్ ఘన్‌పూర్ల మా దోస్తు పెండ్లికి పోయినప్పుడు కండ్లార సూసి తీసిన. మంచి మాల్ జనగామ దిక్కు షావుకార్లకు, మనకు నీళ్ళు! ఏం భాయ్, కాదంటవా?"

"కాదంట. ఆడ మా బామ్మర్ది పనిజేస్తడు. వాళ్ళ ఆవులు నిలుస్తున్నయని తెలిసి ఎట్ల నిలుస్తున్నయో సూద్దామని పోయిన. ఈ క్యానుల గొట్టాలే రెండు ఆవులకు ఏసిన. రెండూ సూడి కట్టినయ్."

ఆ మాట తనను కాపాడుతుందనుకున్నాడు. నోట్లోంచి జారిన తరువాత గానీ తెలియలేదు, తన చేత్తో తనే ఉరి బిగించుకున్నాడని.

"ఇన్నరా?" ప్రణయ్ ఎగిరి గంతేసినంత పని చేశాడు. "గవే గొట్టాలట! ఆడ నిలుస్తయట, ఈడ నిలువయట! ఇంకేం సాక్ష్యం గావాలె?" అంతటితో ఆగలేదు. గొంతు తగ్గించాడు. "ఆవు ఒట్టిపోతే కోతకే గదా పోయేది. గప్పుడు ఎవరికి లాభమో మీరే ఆలోచించుండ్రి."

వాజిద్ తల దించుకున్నాడు. ఈ మాట ఇవాళ ఎవరో ఒకరి నోట వస్తుందని అతనికి పొద్దుటి నుంచీ తెలుసు.

"నీ నోట్లె మన్నువడ!" జనంలోంచి ఒక ఆడమనిషి తోసుకుని ముందుకొచ్చింది. రాములమ్మ. నలభై దాటిన మనిషి, కూలి పనికి ఎండలో మాడి మాడి ముఖం కమిలిపోయింది. "మన ఆవులను అంగడికి తోలేది మనమా, వాజిదా? రేపు నా ఆవు సుక్కను మానుకోట పశువుల అంగడికి తీస్కపోతందుకు వ్యాను మాట్లాడింది నేను. గాయనగాదు. గసొంటి మాటలు మాట్లాడితే పండ్లు రాలగొడుత."

"మరి నీ సుక్క ఎందుకు నిలువలేదక్కా?" అన్నాడు ప్రణయ్.

"గదే నాకూ తెల్వాలె. వట్టి ఆవును మేపుతందుకు నా తాన గడ్డి లేదు. నిలిచిందని ఎవలన్న ఒక్కమాట చెప్తే వ్యాను ఎనుకకు పంపుత."

వాజిద్ తలెత్తాడు. "సంపతన్నా, డాక్టరమ్మను పిలుస్త. మిషను తెమ్మంట. మీరే ఒక గొట్టం తీయుండ్రి, మీ కండ్లతోనే సూడుండ్రి. లోపల పాణం లేకుంటే నా పేరే చెప్పు. క్యాను నేనే తన్నుకుంట."

సంపత్ తల ఊపాడు. "పిలువు."

* * *

పశువుల డాక్టరు జ్యోత్స్న జీపు దిగేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. ముప్పై దాటని మనిషి, తలకు చున్నీ చుట్టుకుంది. పాలు పరీక్ష చేసే బల్ల మీద మైక్రోస్కోపు పెట్టింది. గొట్టం ఏరింది ప్రణయ్. గోరువెచ్చటి నీళ్ళలో ముంచి, కొస కత్తిరించి, ఒక్క చుక్క గాజుపలక మీద వేసింది డాక్టరు.

"ముందు ఎవరు చూస్తారు?"

"రాములమ్మ సూడాలె," అన్నారు ఆడవాళ్ళు.

రాములమ్మ ఒక కన్ను మూసి, రెండో కన్ను మైక్రోస్కోపుకు ఆనించింది.

"ఓయమ్మో! ఉరుకుతున్నయ్! సెరువుల చాప పిల్లల లెక్క ఉరుకుతున్నయ్!"

జనం ఒకరి మీద ఒకరు పడ్డారు. ప్రతివాడూ కన్ను పెట్టి చూశాడు. "మనోడి కంటె జోరుగున్నయ్" అని ఒకామె మొగుడి వైపు చూసి అంది. చాలాసేపటి తరువాత ఆ వాకిట్లో నవ్వు వినబడింది. ఆఖరున ప్రణయ్ చూశాడు. క్యాను మూత వెతికి, తుడిచి, తనే బిగించాడు.

"సరుకు మంచిదే," అంది జ్యోత్స్న. "వాజిద్ తప్పేమీ లేదు."

వాజిద్‌ను పట్టుకున్న చేతులు ఎప్పుడు వదిలాయో అతనికి గుర్తు లేదు. ఎవరో బైకు లేపి నిలబెట్టారు. ఎవరో చెంబుతో నీళ్ళిచ్చారు.

అప్పుడు అడిగింది రాములమ్మ, మెల్లగా: "గిన్ని పాణాలు లోపలికి పోతె, నా ఆవు కడుపుల ఒక్కటన్న ఎందుకు నిలువకపాయె?"

ఆ ప్రశ్నతో నవ్వు ఆగిపోయింది. వాజిద్ దొంగ కాకపోతే, దొంగ ఇంకొకరు. జనం కళ్ళు ఒకరి నుంచి ఒకరికి తిరిగి, చివరికి వాకిలి అవతల, నీళ్ళ ట్యాంకు వైపు మళ్ళాయి.

"ఒక్కతి ఆవు నిలిచింది," అన్నాడు ఎవరో. "సాయమ్మది."

నిజమే. ఆ మాట వాజిద్‌కు కూడా తెలుసు. చేయి పెట్టి చూసి చెప్పింది అతనే. కాలనీ మొత్తానికి చూడి నిలిచింది ముసలి సాయమ్మ ఆవు ఒక్కటే.

"శుక్రారం పూట అందరి కొట్టాల్ల పెండ ఎత్తుకపోతది ముసల్ది. శుక్రారం పెండ బయటికి ఇయ్యద్దని మా అవ్వ చెప్పేది. పెండతోని లచ్చిమి, బర్కతు పోతది."

"ఆవుతోని ఏందో గొణుగుతనే ఉంటది. నేను ఇన్న."

"మన అందరి కడుపులు దీసి దాని ఆవు కడుపుల పెట్టింది!"

"పిచ్చి మాటలు!" జ్యోత్స్న గట్టిగా అంది. "ఆమె మీద చెయ్యి పడితే పోలీసులకు ఫోన్ చేస్తా."

"చెయ్యుండ్రి మేడం," అన్నాడు ప్రణయ్, మర్యాదగానే. "పోలీసులు వస్తరు, పోతరు. మేం ఈడనే ఉంటం. ముసల్ది గూడ ఈడనే ఉంటది."

వాజిద్ సంపత్ వైపు చూశాడు. సంపత్ చెడ్డవాడు కాదు. కానీ పొద్దున మైకులో మాట ఇచ్చాడు. సాయంత్రానికి ఏదో ఒక పేరు చెప్పాలి. అతని చేతిలోని మైకు ఇప్పుడు అతని కన్నా బరువుగా ఉన్నట్టుంది.

ఫోను మోగింది. వాజిద్ భార్య నస్రీన్, సంగతి ఎలాగో చెవిన పడ్డట్టుంది. మహదేవపూర్‌లో ఇంటి గుమ్మం దగ్గరే నిలబడి ఉంటుంది, అతనికి తెలుసు.

"అజీ, ఛోడ్ దియే క్యా? బస్, ఘర్ ఆజావ్," అంది ఏడుపు గొంతుతో. వదిలేశారా? చాలు, ఇంటికి వచ్చెయ్.

"ఆరూఁ," అన్నాడు. వస్తున్నా.

* * *

క్యాను కట్టుకున్నాడు. బైకు తీశాడు. తన పేరు తప్పింది, ఇంటి దగ్గర పిల్లలు ఎదురుచూస్తున్నారు. ముసలామె సంగతి డాక్టరమ్మ చూసుకుంటుంది. అలా తనకు తాను చెప్పుకుంటూ పోయాడు.

కాలనీ బయటికి దారి నీళ్ళ ట్యాంకు పక్క నుంచే. నాలుగు కాళ్ళ మీద ఎత్తుగా నిలబడ్డ సిమెంటు ట్యాంకు. ఎప్పటి నుంచో అడుగున పగిలి బొట్టు బొట్టుగా కారుతోంది. కింద గుండ్రటి నీడ, నీడలో బురద, బురదలో సాయమ్మ ఆవు. దాని పక్కన స్తంభానికి ఆనుకుని సాయమ్మ కూర్చుని ఉంది. వాకిట్లో తన మీద ఏం తయారవుతోందో ఆమెకు చేరినట్టు లేదు.

"కొడుకా, నిన్ను గొట్టిన్రంట గదరా? దెబ్బ తాకిందా?"

"లేదవ్వా. నువ్వు లోపలికి పోయి గొళ్ళెం పెట్టుకో. ఎవలు పిలిచినా తియ్యకు."

"ఇంట్లెనా? ఇల్లు పొయ్యి తీర్గ ఉంటది. ఈడనే నయం. గిదీ నేనూ గీ నీడకే ముచ్చట బెట్టుకుంట కూసుంటం."

వాజిద్ బైకు ఆపకుండా పోయేవాడే. కానీ ఆవును చూసి బ్రేకు వేశాడు.

ఆవు పడుకుని ఉంది. కళ్ళు అరమోడ్చి, దవడ మెల్లగా ఆడిస్తూ, నెమరు వేస్తోంది.

నడి మధ్యాహ్నం నెమరు వేస్తున్న ఆవు. ఒంటికి సుఖంగా ఉన్న ఆవే నెమరు వేస్తుంది. శివరాత్రి నుంచీ ఈ కాలనీలో తిరుగుతున్నాడు, మధ్యాహ్నం పూట నెమరు వేసే ఆవును ఇంకెక్కడైనా చూశాడా? అసలు మధ్యాహ్నం పూట ఆవును చూశాడా? ఎవరు సూదికి పిలిచినా తెల్లవారకముందో పొద్దుగూకినాకో పిలుస్తారు. పగలు ఏ కొట్టానికి చూసినా తలుపులు మూసే ఉంటాయి.

చెప్పు విడిచి బురదలో కాలు పెట్టాడు. చల్లగా తగిలింది, ఒళ్ళు ఝల్లుమంది.

"అవ్వా, నీ కొట్టంల ఎందుకు కట్టవు?"

"కొట్టమేడిదిరా? ఉగాది ముందల గాలిదుమారానికి రేకులన్ని ఎగిరిపాయె. అందరి లెక్క నాలుగు దిక్కుల రేకులు గొట్టి తాళం ఏసుకుందామంటె నాకు ఎవడున్నడు?"

తాళం.

వాజిద్‌కు ఘన్‌పూర్ డెయిరీ కళ్ళ ముందు కదిలింది. నాలుగు వైపులా గోడలు లేని ఎత్తైన పాక, తిరుగుతున్న పెద్ద పెద్ద ఫ్యాన్లు, ఆవుల మీద మంచులా కురిసే నీళ్ళ తుంపర. షావుకార్ల సోకు అనుకుని నవ్వుకున్నాడు ఆ రోజు. ఫోను చేతిలో పట్టుకుని వీడియో తీసిన ప్రణయ్‌కి గానీ, అదే తుంపరలో నిలబడి చొక్కా తడుపుకున్న తనకు గానీ అది ఎందుకో బుర్రకు తట్టలేదు.

బైకు వెనక్కి తిప్పాడు. జేబులో ఫోను మళ్ళీ మోగింది. ఎత్తలేదు.

* * *

"రాములక్కా, నీ కొట్టం తాళం తియ్యి."

వాకిట్లో జనం అప్పటికే కర్రలు పట్టుకుని ఉన్నారు. వాజిద్ తిరిగి వస్తాడని ఎవరూ అనుకోలేదు.

"తాళమెందుకు? సుక్క లోపల భద్రంగనే ఉన్నది."

"ఎప్పుడు ఏసినవ్?"

"పొద్దుగాల కూలికి పోయేటప్పుడు. రోజూ గంతే. సంజెకు తీస్త."

అందరిదీ అదే పద్ధతి. శివరాత్రి తరువాత వారం, అందరూ కూలికి పోయిన సమయంలో, పట్టపగలు ఒక వ్యాను వచ్చి రెండు ఆవులను ఎక్కించుకుపోయింది. ఆ రోజు నుంచి సంపత్ మైకులో కట్టడి చేశాడు: ప్రతి కొట్టానికీ నాలుగు దిక్కులా రేకులు కొట్టాలి, రేకు తలుపు పెట్టాలి, తాళం వెయ్యకుండా ఎవరూ గడప దాటకూడదు. రెండు పూటలా తనే తిరిగి తాళాలు లాగి చూసేవాడు. ఆ తరువాత ఒక్క ఆవు కూడా పోలేదు. తన అధ్యక్షగిరీలో సంపత్ గర్వంగా చెప్పుకునేది ఏదైనా ఉందంటే అదొక్కటే.

తాళంచెవి రాములమ్మ పుస్తెల తాడుకే ఉంది, పిన్నీసుల పక్కన. మెడ వంచి తాళం తీసింది. రేకు తలుపు పట్టుకోబోయి "స్స్" అని చెయ్యి వెనక్కి లాక్కుంది. కొంగు చుట్టుకుని లాగింది.

లోపలి నుంచి వచ్చిన సెగకు ముందు వరసలో ఉన్నవాళ్ళు ముఖాలు తిప్పుకున్నారు.

చుక్క నిలబడే ఉంది. కాళ్ళు వెడల్పుగా చాపి, మెడ ముందుకు సాచి, నాలుక బయటికి వేలాడేసి రొప్పుతోంది. మూతి నుంచి నురగ తీగలు తీగలుగా కారుతోంది. తొట్టిలో నీళ్ళున్నాయి. ముట్టుకుని చూశాడు వాజిద్. టీ చల్లారితే ఉండేంత వేడి.

జ్యోత్స్న మాట్లాడకుండా థర్మామీటరు పెట్టింది. తీసి చూసి వాజిద్ చేతికిచ్చింది.

"నూట ఆరు," అన్నాడు వాజిద్. "మనిషికైతే గీ జ్వరానికి దవాఖానకు ఉరికిస్తం."

"జ్వరమా?" అంది రాములమ్మ. "పొద్దుగాల మంచిగుండె గదా!"

"జ్వరం కాదమ్మా, వేడి," అంది జ్యోత్స్న. "సూది పడ్డాక కడుపులో నిలిచేది ఆవగింజంత కూడా ఉండదు. తల్లి ఒళ్ళు రోజూ ఇట్లా కాగుతుంటే అది మొదటి వారంలోనే చచ్చిపోతుంది. ఆవు మళ్ళీ ఎదకు వస్తుంది. నీ సుక్కకు ఎన్నోసార్లు నిలిచే ఉంటుంది. నువ్వు తాళం వేసి పోయిన పగలే పోయి ఉంటుంది."

రాములమ్మ గోడకు ఆనుకోబోయి, రేకు కాలి, మళ్ళీ నిలబడింది.

"ప్రతి మీటింగులో చెప్పాను," అంది జ్యోత్స్న. కోపం లేదు ఆ గొంతులో, అలసట తప్ప. "నీడ కావాలి, గాలి ఆడాలి, నీళ్ళు చల్లాలి అని కాగితాలు కూడా పంచాను."

"మంచి కాగితాలు మేడం," అన్నాడు వెనక నుంచి ఎవరో. "మిర్చి బజ్జీల బండోడు గవిట్లనే కట్టిచ్చిండు."

సాయమ్మ ఆవుకు కూడా థర్మామీటరు పెట్టమన్నాడు ప్రణయ్, ఇంకా నమ్మకం కుదరక. అందరూ ట్యాంకు దగ్గరికి నడిచారు. నూటొకటి దాటలేదు, ఆవుకు మామూలుగా ఉండే వేడే. కర్రలు పట్టుకున్నవాళ్ళు ఒకరొకరుగా వాటిని కాళ్ళ దగ్గర వదిలేశారు. ఇంతమందీ తన ఆవును చూడ్డానికి వచ్చారేమోనని సాయమ్మ సంబరపడి లేచి నిలబడింది.

"ఇంక తాళాలు తీసేస్తం," అన్నాడు వాజిద్. "రేకులు ఇప్పుదాం."

"ఇప్పి ఏడ కడుదువు?" అన్నాడు సంపత్. "సూడు. ఒక్క చెట్టున్నదా? నాటిన మొక్కలను మేకలు తిన్నయ్. పగలు కరెంటు ఉండదు. ఫ్యాను ఎట్ల తిరుగాలె? ట్యాంకు నీళ్ళు మనుషులకే ఎల్లుతలేవు, ఆవుల మీద ఏడికెల్లి సల్లుదువు?"

వాజిద్ చుట్టూ చూశాడు. తెల్లటి నేల, తెల్లటి రేకులు, బోడి గుట్ట. ఎక్కడా ఏమీ లేదు.

"వానలు పడితే?" అడిగింది రాములమ్మ. "చల్లబడితే నా సుక్క నిలుస్తదా మేడం?"

జ్యోత్స్న చున్నీ సరిచేసుకుంది. అబద్ధం చెప్పాలని ఉన్నట్టు కనిపించింది. "వేడికి లోపలి గుడ్లు కూడా పాడవుతాయమ్మా. చల్లబడ్డాక ఇంకో రెండు మూడు నెలలు పడుతుంది. చలికాలం దాకా ఆగాలి."

"చలికాలం దాకా," అంది రాములమ్మ.

అప్పుడు జరిగింది వాజిద్ ఊహించనిది. మొదట ఒకడు జనంలోంచి జారుకున్నాడు. తరువాత ఇంకొకడు. తాళాలు తీసిన చప్పుళ్ళు, రేకు తలుపులు ఈడ్చిన చప్పుళ్ళు. చూస్తుండగానే ఆవులు బయటికి వచ్చాయి. రొప్పుతూ, తూలుతూ, పలుపులు పట్టి లాగుతుంటే ఒకదాని వెనక ఒకటి ట్యాంకు వైపు. ఆ నీడ నాలుగు ఆవులకు కూడా చాలదు.

"ముందు మాది!"

"నువ్వెవనివిరా? ట్యాంకు నీ అయ్యదా?"

"జరుగు, జరుగు!"

ప్రణయ్ అన్నిటికన్నా ముందు తన అన్న ఆవును నీడలోకి తోశాడు. బురద చిమ్మింది. కొమ్ములు తగిలాయి. సాయమ్మ ఆవు బెదిరి లేచింది. ఎవరో దాని పలుపు విప్పారు. ఎవరో వీపు మీద చరిచారు. చూడి ఆవు ఎండలోకి వచ్చి పడింది.

"అది సూడిదే!" వాజిద్ అడ్డం పోయాడు. "అరె, అది ఒక్కటే సూడిదే! గుద్దకుండ్రి!"

ఒక భుజం తగిలి బురదలో పడ్డాడు. కర్రలతో ముసలామెను కొట్టబోయిన చేతులు ఇప్పుడు ఆమెను ముట్టుకోను కూడా లేదు. పక్కకు జరిపాయి, అంతే. సాయమ్మ ఎండలో ఆవు మెడ పట్టుకుని నిలబడింది.

"కొడుకా," అంది అయోమయంగా, "నేనేం జేసిన్నని?"

ఆమె పేరు మైకులో రాకుండా ఆపాడు. ఆమె నీడను తనే ఊరికి చూపించాడు.

* * *

ఎండ వాలింది గానీ తగ్గలేదు. పాల టైమైంది. పాలు పొయ్యడానికి వచ్చినవాళ్ళు కొద్దిమందే, వాళ్ళ చెంబులు కూడా సగమే. రేపు రావాల్సిన వ్యాను ఇవాళే వచ్చి కేంద్రం ముందు నిలబడింది. రాములమ్మే ఫోను చేసి రమ్మంది.

వ్యానుకు ఆనించిన బల్ల ఎక్కనని చుక్క మొరాయించింది. వాజిద్ వెనక నుంచి చెయ్యి వేశాడు. దాని చర్మం ఇంకా కాలుతూనే ఉంది.

"అక్కా, రెండు దినాలు ఆగితే..."

"ఆగితే ఏమైతది భాయ్? నువ్వే చెప్పు."

వాజిద్ మళ్ళీ చెయ్యి ఆనించి తోశాడు. ఆవు ఎక్కింది. వెనక తలుపు పడింది.

మెట్ల మీద సంపత్ మైకు నోటి దగ్గర పెట్టుకుని నిలబడ్డాడు. మీట నొక్కే ఉంది. మిద్దె మీద హారన్లు గుయ్యిమంటున్నాయి. ట్యాంకు దగ్గర పోట్లాట ఆగింది. పొద్దున ఇచ్చిన మాట కోసం కాలనీ అంతా చెవులు ఇటు పెట్టింది. సంపత్ తాళాలు లాగి చూసి చూసి బొబ్బలెక్కిన తన వేళ్ళ వంకే చూసుకుంటున్నాడు.

"చెప్పు సంపతన్నా," అంది రాములమ్మ. "పేరు చెప్తనంటివి గదా."

సంపత్ తల అడ్డంగా ఊపాడు.

రాములమ్మ మెట్లెక్కింది. పుస్తెల తాడు నుంచి తాళంచెవి తీసి అతని అరచేతిలో పెట్టింది. రెండో చేతిలోంచి మైకు తీసుకుంది. ఎప్పుడూ మైకు పట్టుకున్న మనిషి కాదు. మొదట ఆమె ఊపిరే వినిపించింది, హారన్లన్నిటి లోంచి, బోడి గుట్టకు తగిలి తిరిగి వస్తూ.

"అందరు ఇనుండ్రి. దొంగ దొరికిండు," అంది. "వాజిదు గాదు. సాయమ్మ గాదు. దొంగ పేరు ఎండ. గాడు బయటికెల్లి రాలె. మనం తాళం ఏసేటప్పటికే లోపల ఉన్నడు."